మన పిల్లల జీవశాస్త్రము – మన పొలము



మీ యింట తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియటు వరకు చదువుచున్న పిల్లలున్నచో, ఈ సాయంత్రము వారి జీవశాస్త్ర పుస్తకమును ఒక్కసారి తెరచి చూడుడు. అందు మీకు కొత్తగా తోచునది చాల తక్కువ. పప్పుజాతి మొక్కల వేళ్ళపై బుడిపెలు ఉండునని వ్రాసియుండును. అది మీ పెసర, మినుము, వేరుసెనగల సంగతి. గ్రుడ్డు పొదిగి పిల్లపురుగై, నిద్రావస్థకు పోయి, రెక్కల పురుగై ఎగురునని వ్రాసియుండును. అది మీ వరిచేని కాండము తొలుచు పురుగు కథ. పరాన్నజీవి, అతిథేయి అను పెద్దమాటలుండును. అవి మీ పొగాకు చేనిలోని మల్లె, మినుముపై అల్లుకొను బంగారుతీగ, పశువుల చెవులకంటిన గోమార్లు.

ఇంతయు మన చేలలో, కొట్టములలో దినదినము జరుగుచున్నదే. అయినను ఆ పుస్తకము చదువు పిల్లవాడు చేనిలోనికి దిగి, ఒక మొక్కను వేళ్ళతో పెకలించి, ఆ బుడిపెను గోటితో చీల్చి చూచెనా? అనేక గృహములలో ఈ ప్రశ్నకు లేదనియే సమాధానము వచ్చును. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు, కన్నులయెదుట ఉన్న పొలము చదువునకు పనికిరానిదైనది. పరీక్ష కొరకు వేరుబుడిపె బొమ్మను పదిసార్లు గీయుదురు. ఊరి పొలిమేరలోని వేరుబుడిపెను ఒక్కసారియు చూడరు.

పై తరగతుల పిల్లలకు వారమునకు రెండు గంటలపాటు పొలము, చెరువుగట్టు, పశువుల కొట్టము జీవశాస్త్ర పాఠశాల కావలెననియు, అందులకు దారి ఇవ్వవలసినవారు ఉపాధ్యాయులే గాక మీరును అనియు నా అభిప్రాయము. ఇది పిల్లల మేలు కొరకు మాత్రమే చెప్పునది కాదు. ఇందు సేద్యము యొక్క లాభనష్టముల ప్రశ్న కూడ కలదు.

చూచు కన్నులు కావలెను

2018వ సంవత్సరమున కత్తెర పురుగు మన దేశమున మొదట కర్ణాటకలో కనబడినది. ఏడాది తిరుగకముందే అది రెండు తెలుగు రాష్ట్రముల మొక్కజొన్నకు ప్రాకినది. 2021లో మిరపపూలలో నల్ల తామరపురుగు విజృంభించి, గుంటూరు మొదలు ఖమ్మము, వరంగల్లు వరకు ఎందరో రైతుల తోటలను పాడుచేసినది. ఇట్టి క్రొత్త శత్రువులు ఇకముందును వచ్చుచుండును. అవి వచ్చినప్పుడు ముందుగా కనిపెట్టుటకు ప్రతి గ్రామమునందు శాస్త్రవేత్త ఉండడు. ఒక విస్తరణాధికారి చూడవలసిన విస్తీర్ణము వేల ఎకరములు. కాని ప్రతి గ్రామమునందును జీవశాస్త్రము చదువుకొన్న పదిమంది పిల్లలుందురు.

కత్తెర పురుగును గుర్తించుట కష్టము కాదు. పిల్లపురుగు తలపై తలక్రిందులైన ‘వై’ అక్షరము వంటి తెల్లని గీత ఉండును. తోకకు సమీపమున నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగా అమరియుండును. పురుగు మొవ్వులో దాగి, రంపపు పొట్టు వంటి పెంటను వదలుచుండును. పదునైదేండ్ల పిల్లకు ఒక్కసారి చూపినచో జన్మలో మరువదు. పైరు చిన్నదిగా ఉన్నప్పుడే మొవ్వులో పురుగును చూచి చెప్పగలవారు ఇంటనే ఉన్నచో, ఆకులన్నియు చిల్లులు పడిన తరువాత మందుల దుకాణమునకు పరుగెత్తవలసిన అవసరమేమి?

శత్రువును గుర్తించుట ఎంత ముఖ్యమో మిత్రుని గుర్తించుటయు అంత ముఖ్యము. అక్షింతల పురుగును ఎల్లరు ఎరుగుదురు. కాని దాని పిల్లపురుగు చిన్న మొసలి వలె నల్లగా, నారింజ రంగు మచ్చలతో, చూచుటకు భయంకరముగా ఉండును. అది పేనుబంకను తిని బ్రతుకును. దానిని చూచి, పైరుకు క్రొత్త తెగులు పట్టినదని మందు చల్లువారు కలరు. మిత్రుడు చచ్చిన చేనిలో పేనుబంక మరల రెట్టింపై వచ్చును. వరిలో సాలీళ్ళు, మిరిడ్ నల్లులు సుడిదోమను తినుచుండగా, తొందరపడి మందు కొట్టుటచేత అవి నశించి దోమ మునుపటికంటె హెచ్చగుట ఆసియా ఖండమునందలి వరి దేశములన్నియు చూచిన సంగతియే. ఇండొనీషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందుల వాడకమును నిషేధించినది. 1989 నుండి అచటి రైతులకు పొలమునందే వారము వారము పాఠములు మొదలైనవి. రైతులు చేనిలో దుబ్బులను పరీక్షించి, గట్టుపై కూర్చుండి పెద్ద కాగితముపై పైరును, పురుగులను, మిత్రపురుగులను బొమ్మగా గీసి, తరువాత మందు కావలెనా వద్దా అని తమలో తాము తేల్చుకొందురు. మన ప్రాంతమున పొలంబడి అను పేర జరిగినది ఇదియే. ఆ బొమ్మ గీయు పనికి పై తరగతి పిల్లలకంటె తగినవారెవరు?

పిల్లలు చేయదగిన పనులు

ఏమి చేయించవలెనని మీరడుగవచ్చును. ఖర్చులేని పనులు కొన్ని సూచించుచున్నాను.

మొదటిది, వారపు లెక్క. చేనిలో అయిదు చోట్ల గుర్తులు పెట్టి, చోటుకు నాలుగు దుబ్బుల చొప్పున ఇరువది దుబ్బులను ప్రతి ఆదివారము చూడవలెను. పిలకలెన్ని, చచ్చిన మొవ్వులెన్ని, సాలీళ్ళెన్ని అని తేదీ వేసి వ్రాయవలెను. నూరు పిలకలకు అయిదు మొవ్వులు చచ్చినప్పుడు కాండము తొలుచు పురుగును గూర్చి చర్య తీసికొనవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ అయిదు అను అంకె లెక్కించినవానికే ఉపయోగపడును గాని, గట్టుపై నిలిచి చూచి ఊహించువానికి ఉపయోగపడదు.

రెండవది, సీసా పరీక్ష. కాండము తొలుచు పురుగు వరి ఆకు కొనలయందు గోధుమ రంగు నూగుతో కప్పిన గ్రుడ్ల ముద్దను పెట్టును. అట్టి ముద్దలు పదింటిని ఆకుతో సహా కత్తిరించి, ఒక్కొక్కటి ఒక్కొక్క గాజు సీసాలో తడి దూదితో ఉంచి, మూతికి దూదిబిరడా పెట్టవలెను. వారము పది దినములలో కొన్ని సీసాలలో పిల్లపురుగులు వచ్చును. కొన్నింటిలో మిరియపు పొడి నలుసులకు రెక్కలు మొలచినట్లు చిన్న కందిరీగలు వచ్చును. అవి ట్రైకోగ్రామా, టెలినోమస్ జాతులు. పురుగు గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి దానిని పుట్టకముందే నాశనము చేయునవి. పది ముద్దలలో ఎన్నింటినుండి కందిరీగలు వచ్చినవో చూచినచో, ఆ చేనిలో ప్రకృతి ఎంత పని ఉచితముగా చేయుచున్నదో రైతుకు తెలియును. పుస్తకమున పరాన్నజీవనము అను పాఠము పిల్లవానికిని తెలియును. పరీక్ష ముగిసిన పిమ్మట కందిరీగలను చేనిలోనే విడిచిపెట్టవలెను.

మూడవది, వేరు పరీక్ష. పెసర, మినుము, వేరుసెనగ పూతకు వచ్చు దినములలో మొక్కను మట్టిగడ్డతో మెల్లగా పెకలించి, నీటిలో కడిగి, బుడిపెలను లెక్కించి, కొన్నింటిని కోయవలెను. లోపల గులాబి రంగు ఉన్నచో రైజోబియము గాలియందలి నత్రజనిని పట్టి మొక్కకు అందించుచున్నదని అర్థము. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నచో పని జరుగుటలేదు. బుడిపెలే లేని చేనికి, మరుసటి పంటకు విత్తనమునకు రైజోబియము కల్చరు పట్టించవలెనా అని విచారించవచ్చును.

నాలుగవది, మొలక పరీక్ష. విత్తుటకు ముందు నూరు గింజలను తడి గోనెపట్టాలో వరుసగా చుట్టి, వారము తరువాత విప్పి లెక్కించవలెను. అమ్మకపు విత్తనమునకు వరిలో నూటికి 80, వేరుసెనగలో 70 మొలకలు కనీసముగా నిర్ణయింపబడియున్నవి. మొలక తక్కువైన సంచి సంగతి నారుమడిలో కాక ఇంటి వసారాలోనే తెలియును. ఒక ఋతువు పైరు నిలుచుట ఈ చిన్న పరీక్షపై ఆధారపడిన సంవత్సరములు కలవు.

అయిదవది, కలుపు మొక్కల పరిచయము. దీనికి గురువులు మన ఇంటి ఆడవారే. లేత ఊద వరినుండి వేరు చేయుట క్రొత్తవారికి సాధ్యము కాదు. కలుపు తీయు తల్లి చేయి తగులగనే దానిని గుర్తించును. కారణమడిగిన చెప్పలేకపోవచ్చును. కారణము పిల్ల పుస్తకములో ఉన్నది. ఆకు కాండమును కౌగిలించుచోట వరికి పలుచని పొర వంటి నాలుక ఉండును. ఊదకు అది ఉండదు. తల్లి మొక్కను చూపును, బిడ్డ నాలుకను చూపును. అట్లు ఇద్దరి విద్యయు ఒకచోట చేరును. ఇంటర్మీడియటు పిల్లలు సొలనేసీ కుటుంబపు పుష్పలక్షణములను కంఠస్థము చేయుదురు. ఇంటి చేనిలోని మిరప, వంగ, టమాట, పొగాకు అన్నియు ఆ కుటుంబపువే అనియు, అందుచేతనే ఎండు తెగులు వచ్చిన టమాట వెనుక వంగ వేయరాదనియు గ్రహించినప్పుడు ఆ కంఠస్థము విజ్ఞానమగును.

గొప్ప పనులు బయటనే జరిగినవి

ఇవి పిల్లల ఆటలని కొట్టివేయవద్దు. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగునని రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే. నీటిలోని పిల్లపురుగులనుండి దోమలను పెంచి, జ్వరపీడితుని రక్తము త్రాగించి, ఒక్కొక్క దోమను కోసి చూచుటయే ఆయన చేసిన పని. దానికి 1902లో నోబెల్ బహుమానము లభించినది. ఆ పాఠము నేడు మన పిల్లల పుస్తకమున ఉన్నది. ఇంటి వెనుక తొట్టిలో దోమపిల్లలను సీసాలో వేసి, అవి ఎన్ని దినములలో దోమలగునో చూచిన పిల్లవాడు, వారమునకొకసారి తొట్టి ఎందుకు ఎండబెట్టవలెనో ఊరంతటికి చెప్పగలడు.

కలివికోడి సంగతి మరియొకటి. జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు 1848లో లోకమునకు తెలిపిన ఈ పక్షి, 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అంతరించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున అది మరల దొరకినది. పరిశోధకులు వచ్చినది బొంబాయినుండి. పక్షిని పట్టి యిచ్చినది స్థానికుడైన ఒక వేటగాడు. పొదల నడుమ రాత్రివేళ తిరుగు ఆ పక్షికి గ్రామస్థులు ముందే పేరు పెట్టుకొనియుండిరి. పుస్తకములలో లేని జ్ఞానము పల్లెలో ఉన్నదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా? అయితే ఆ జ్ఞానమును వ్రాసిపెట్టువారు ఊరిలో లేకపోవుటచేత ఎనుబదియారు సంవత్సరములు గడచినవి.

అట్టి వ్రాతకు నేడు చట్టము కూడ అవకాశమిచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి స్థానిక సంస్థలయందు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండవలెను. ఊరి చెట్లు, పక్షులు, పాతపంటల రకములు, పశుజాతులు, మందుమొక్కలు మున్నగువానితో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు సిద్ధము కావలెను. ఈ రిజిస్టరు బల్లయొద్ద కూర్చుండి పొరుగూరి పట్టికను చూచి వ్రాయునది కాదు. ప్రతి సంవత్సరము పై తరగతి పిల్లలు వృద్ధులను అడిగి, చెట్టు యొద్దకు పోయి చూచి, దానిని సరిదిద్దవలెను. సీజన్‌వాచ్ అను కార్యక్రమమున కేరళ పాఠశాలల పిల్లలు ఒకే చెట్టును వారము వారము చూచి చిగురు, పూత, కాయలను నమోదు చేసియున్నారు. మన ఊరి మామిడి, వేప, చింతలను ఎవరు నమోదు చేయుచున్నారు? ముందు పూచినదో వెనుక పూచినదో నోటిమాటగా అనుకొనుటయే తప్ప, పదేండ్ల లెక్క ఏ ఊరిలో చూపగలరు?

ఆక్షేపణలకు సమాధానము

“మార్కులు పోవును, నీట్ పరీక్ష ఎట్లు?” అని కొందరందురు. ఈ పనులచేత మార్కులు పెరుగునని నేను వాగ్దానము చేయను. పరీక్షల ముందు నెలలలో వీనిని మానవచ్చును. జూను మొదలు అక్టోబరు వరకు, తొలకరి పైరు చేలో ఉన్న దినములలో, వారమునకు రెండు గంటలు ఏ పిల్లల చదువును చెరుపవు. చూచిన దానిని మరువుట కష్టము, చూడనిదానిని జ్ఞప్తియందుంచుకొనుట కష్టము, ఇది మీరెరిగినదే.

“మేము పడిన పాట్లు పిల్లలు పడరాదనియే చదివించుచున్నాము, మరల పొలములోనికి పంపుటయా?” అని ఇంకొందరందురు. ఈ మాటలో బాధ ఉన్నది, న్యాయమును ఉన్నది. కావుననే ఒక గీత గీయవలెను. పిల్లవాని చేతికి పలుగు, తట్ట, మందు పంపు ఇచ్చినచో అది చాకిరి. పుస్తకము, భూతద్దము ఇచ్చినచో అది చదువు. చదువు పేరుతో పని చేయించు పెద్దలను ఊరు నిలదీయవలెను. పొలమును శాస్త్రదృష్టితో చూచిన బిడ్డ రేపు వైద్యుడు కావచ్చును, పశువైద్యురాలు కావచ్చును, విత్తన పరిశోధకుడు కావచ్చును, లేక తెలివిగల రైతు కావచ్చును. ఎక్కడకు పోయినను ఆ చూపు వెంట ఉండును. పొలమును చూడక పోయిన బిడ్డకు మాత్రము పొలము చాకిరిగానే జ్ఞాపకముండును.

“ఆడపిల్లలను ఎట్లు పంపుదుము?” అను ప్రశ్నకు సమాధానము సులభము. నలుగురైదుగురు జట్టుగా, ఉపాధ్యాయినితోనో, తల్లితోనో, పగటివేళ పోవలెను. వంటయింటి సీసా పరీక్ష, మొలక పరీక్షలకు ఇల్లు కదలనక్కరలేదు. కాని అంతమాత్రముతో వారిని ఇంటికే కట్టివేయుట తగదు.

జాగ్రత్తలు

ఈ విషయమున సడలింపు పనికిరాదు. మందు చల్లిన చేనిలోనికి, సీసాపై చెప్పిన గడువు తీరువరకు పిల్లలు దిగరాదు. మందు సీసాలను, ఖాళీవానిని కూడ, ముట్టరాదు. వానిలో పురుగులు పెంచుట ప్రమాదము. కాళ్ళకు బూట్లు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. కలుగులలో చేయి పెట్టరాదు. పాము కరచినచో కోయుట, గట్టిగా కట్టుట మాని, కాలు కదలనీయక, విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. ఉరుము వినబడగనే చెట్టు క్రింద నిలువక ఇంటికి చేరవలెను. లోతు తెలియని బావి, చెరువు దరికి ఒంటరిగా పోరాదు. పక్షులను పట్టుట, గూళ్ళు కదల్చుట పనికిరాదు. వన్యప్రాణి చట్టము దానిని అంగీకరింపదు. ఒకరి ఇంటి మందుమొక్క రహస్యమును వారి అనుమతి లేక వ్రాయరాదు.

గ్రామోద్యోగులకు మనవి

మీరు చేయవలసినది పెద్ద పథకము కాదు. పంచాయతీ కార్యాలయముననో, రైతుల కూడలియందో ఒక నల్లబల్ల పెట్టించుడు. పిల్లలు తెచ్చిన ఆ వారపు లెక్కను పంట పేరు, తేదీతో దానిపై వ్రాయనిండు. తప్పు అంకె నిర్ణయమునకు దారితీయరాదు గనుక, వ్యవసాయ సహాయకుడో విస్తరణాధికారియో వారమునకొకసారి చేనికి పోయి దానిని సరిచూడవలెను. తెలియని పురుగు కనబడినచో సీసాలో ఉంచి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపవలెను. పేరు తెలిసిన పిమ్మట దానిని తెచ్చిన పిల్లవానికి తప్పక చెప్పవలెను. పంపినదానికి జవాబు రానిచో రెండవసారి ఏ పిల్లవాడును తేడు.

ఉపాధ్యాయులకు ఒక మాట. అంగడిలో కొన్న మొక్కల ఆల్బమును, తోటివాని నుండి ఎత్తివ్రాసిన రికార్డును స్వీకరింపవద్దు. వంకరగా గీసినను సొంత చేనిలోని ఒక్క బొమ్మ చాలును. 1993లో ప్రారంభమైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు, పిల్లలు తమ ఊరి సమస్యనే జట్టుగా పరిశోధించవలెనని కోరినది. అట్టి పనికి మన చేలకంటె సమృద్ధియైన స్థలమేది?

రైతు సోదరులారా! మందు కొట్టవలెనా వద్దా అను నిర్ణయము నేడు చాలచోట్ల దుకాణదారుని బల్లయొద్ద జరుగుచున్నది. ఆ నిర్ణయము మరల మీ గట్టుపైకి రావలెనన్నచో, లెక్కించి చెప్పువారు మీ ఇంట ఉండవలెను. వారు ఉన్నారు, తలవంచి పుస్తకము చదువుచున్నారు. వచ్చు ఆదివారము ఉదయము మీతో చేనికి రమ్మని పిలువుడు. ఒక దుబ్బును చూపి, “దీనిలో నీ పుస్తకమున ఉన్నదేమో చూపుము” అని అడుగుడు. వారు చెప్పునప్పుడు ఓపికగా వినుడు. మీకు తెలిసినది చెప్పుటకును వెనుదీయకుడు.